హాలు మధ్యలో ఎవరూ కూర్చోరు

ఈ ఊరి జనానికి మంచి చెయ్యాలనుకోవడమంత బుద్ధితక్కువ పని ఇంకోటి లేదని నోలీన్‌కి ఆ బుధవారం మధ్యాహ్నం రూఢి అయిపోయింది.

బయట పచ్చికమీద జులై నెల మంచు ఇంకా కరగలేదు; భూగోళానికి ఆ దక్షిణపు కొసన జులై అంటే నడి చలికాలం. లోపల, బ్రేబర్న్ హాలు కప్పుకి కొత్తగా బిగించిన తెల్లటి వేడి పలకలు బ్రహ్మాండంగా పనిచేస్తున్నాయి. పొద్దున్నే వచ్చి స్విచ్ వేసింది తనే. హాలు నడిమధ్యలో నిలబడితే వీపుమీద ఎండ పడ్డట్టు కమ్మగా ఉంది. మరి ఆ కమ్మదనాన్ని అనుభవిస్తున్నది ఎవరయ్యా అంటే, ఒక్క పురుగు కూడా లేదు. బుధవారం సూపు భోజనానికి వచ్చిన ఊరు ఊరంతా గోడలకి అతుక్కుని, కిటికీల కింద, కోట్లు విప్పకుండా, మోకాళ్ళమీద దుప్పట్లు కప్పుకుని, చేతుల్లో సూపు గిన్నెలు పట్టుకుని వణుకుతోంది. మధ్యలో నున్నటి చెక్క నేల మాత్రం హాయిగా కాగుతోంది.

"నోలీన్, నీ పలకలు ఆన్ చేశావా అసలు?" అన్నాడు హాలు కమిటీ అధ్యక్షుడు హెక్టర్ డాల్రింపుల్, రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని.

"చేశాను."

"ఎర్రగా కాలట్లేదే."

"అవి ఎర్రగా కాలవు హెక్టర్. నెల్రోజులనుంచి చెబుతూనే ఉన్నా."

"చప్పుడన్నా లేదు," అంది హెక్టర్ అక్క విన్‌సమ్, పక్కనుంచి. "పాత డీజిల్ హీటరైతే గర్రుమనేది. పనిచేస్తోందని తెలిసేది."

"గర్రుమనేది, పొగ కక్కేది, నీ కళ్ళు మండి నువ్వే బయటికి పరిగెత్తేదానివి."

"అయినా తెలిసేది," అంది విన్‌సమ్.

హెక్టర్ లేచి గోడకున్న థర్మామీటర్ని వేలితో తట్టాడు. ఒక్క గీత కూడా పైకెక్కలేదు. చూశారా అన్నట్టు తలాడించి మళ్ళీ కుర్చీలో కూలబడ్డాడు. నోలీన్‌కి ఒళ్ళు మండిపోయింది. ఇన్వర్‌కార్గిల్ నుంచి వచ్చిన ఇంజనీరు ఈ నేలమీదే నిలబడి చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. ఈ పలకలు గాలిని వేడిచెయ్యవు, కింద ఉన్న మనిషిని వేడిచేస్తాయి, థర్మామీటర్ని చూడకండి, పలక కిందికి వచ్చి కూర్చోండి అని. అందరూ తలలూపారు. తలలూపడానికి మాత్రం ఈ ఊరు పెట్టింది పేరు.

అసలు ఆ పలకలు మధ్యలోకి ఎలా వచ్చాయో తలుచుకుంటే ఆమెకి ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది. వచ్చిన డబ్బుకి ఒక్క వరస పలకలే వస్తాయి. జనం ఎక్కడ కూర్చుంటే దానికి పైన బిగిద్దాం అన్నాడు ఇంజనీరు. ఏటి వైపు వాళ్ళు తూర్పు గోడకి, గుట్ట వైపు వాళ్ళు పడమటి గోడకి. వాళ్ళ తాతలు ఎక్కడ కూర్చున్నారో వీళ్ళూ అక్కడే. ఏ గోడవైపు బిగించినా రెండో గోడ వాళ్ళు జన్మలో మాట్లాడరు. సాయంత్రందాకా తన్నుకున్నాక హెక్టర్ లేచి, "సరిగ్గా మధ్యలో పెడదాం, ఎవరికీ అన్యాయం జరగదు," అన్నాడు. చప్పట్లు కొట్టారు. మధ్యలో ఎవడు కూర్చుంటాడయ్యా అని నోలీన్ గొంతు చించుకుంది. పలకలు వస్తే వాళ్ళే జరుగుతారులే అన్నారు.

జరగలేదు. ఎలా జరుగుతారు? ఆ ప్రాంతంలో మనిషిని దొంగ అన్నా సహిస్తారుగానీ "వీడికి వీడే గొప్ప" అంటే సహించరు. నలుగురూ గోడవారగా కూర్చుంటే ఒకడు కుర్చీ తీసుకెళ్ళి నడిమధ్యలో వేసుకోవడమా? వాడి మనవడి పెళ్ళిలో కూడా చెప్పుకుంటారు ఆ సంగతి.

ఒకప్పుడు ఆ మధ్యలో నిలబడే హక్కు ఒక్కడికే ఉండేది. అతను నోలీన్ మొగుడు మెర్వ్. శనివారం డాన్సుల్లో జంటలు ఎప్పుడు ఏ అడుగు వెయ్యాలో పిలిచి చెప్పేది అతనే. ఇస్త్రీ చొక్కా వేసుకుని నడుమ నిలబడి ఒక్క కేక వేస్తే హాలంతా తిరిగేది. రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చింది. ఎడమకాలు ఈడుస్తూ నడుస్తాడు, ఎడమ చెంప జారిపోయింది, మాట ముద్దగా వస్తుంది. ఆస్పత్రి నుంచి వచ్చాక ఒకే ఒక్కసారి బుధవారం సూపు భోజనానికి వచ్చాడు. ఇంటికెళ్ళి, "అక్కడ చలి నోలీ, నా ఎడంపక్క తట్టుకోలేదు, ఇక రాను," అన్నాడు. అంతే. బుధవారాలు లేవు, పలకరింపులు లేవు. కిటికీ దగ్గర కుర్చీ, అందులో మెర్వ్.

చలే కదా, చలిని తరిమేద్దాం అనుకుంది నోలీన్. చీజ్ రోల్స్ చుట్టడం మొదలుపెట్టింది. రొట్టెముక్కకి చీజూ ఉల్లిపాయ సూపు పొడీ కలిపి రాసి, చుట్టి, డజన్ల లెక్కన గొర్రెల వేలంపాటల దగ్గర, స్కూలు ఆటల దగ్గర, చర్చి గుమ్మంలో అమ్మింది. రెండు చలికాలాలు ఆమె వంటింట్లో ఇంకేమీ వండలేదంటే అబద్ధం కాదు. కమిటీతో పోట్లాడింది, కౌన్సిల్‌తో పోట్లాడింది. పలకలు వచ్చాయి. ఈ నెలలో నాలుగు బుధవారాలూ మెర్వ్‌కి కోటు తొడిగి, కారెక్కించి తీసుకొచ్చింది. వచ్చిన ప్రతిసారీ అతను తిన్నగా వంటగది తలుపు పక్కనున్న మూలకి వెళ్ళి, ఎడమ భుజం గోడకానించి కూర్చున్నాడు. హాలు మొత్తానికి అంతకంటే చల్లటి చోటు లేదు.

గిన్నెలు సగం ఖాళీ అయ్యాక హెక్టర్ తన బూట్లకేసి చూస్తూ గొంతు సవరించుకున్నాడు.

"చూడండి, మనం ప్రయత్నించాం. నోలీన్ చాలా కష్టపడింది, కాదనను. కానీ చలి చలే. సెప్టెంబర్ దాకా హాలు మూసేసి, బుధవారాలు గోర్ పట్నంలో క్లబ్బులో పెట్టుకుందామని కమిటీ అనుకుంటోంది. అక్కడ కార్పెట్ ఉంది. ఇవాళే చేతులెత్తి తేల్చేద్దాం."

నోలీన్ చేతిలో గరిటె ఆగిపోయింది. గోర్ క్లబ్బుకి మెర్వ్ వస్తాడా? పుట్టిన ఊరి హాలుకే ఈడ్చుకురావాల్సి వస్తోంది. ఈ తలుపు మూస్తే అతను ఆ కిటికీ దగ్గర కుర్చీలోంచి మళ్ళీ లేవడు. ఆమెకి అది ఖాయంగా తెలుసు.

"మూసెయ్యక్కర్లేదు," అంది. "లేచి పది అడుగులు వెయ్యండి చాలు. మీ కాళ్ళు పడిపోయాయా?"

ఎవరూ కదల్లేదు. విన్‌సమ్ తన సూపు గిన్నెలోకి చూసుకుంది.

"వెచ్చదనం అక్కడుంది, మీరిక్కడున్నారు. అందులో పలకల తప్పేముంది? విన్‌సమ్, నువ్వు రా."

"నాకిక్కడ బాగానే ఉందిలే."

"నీ పెదాలు నీలంగా ఉన్నాయి."

"అవి ఎప్పుడూ అంతే," అంది విన్‌సమ్.

ఇక నోలీన్‌కి పిచ్చి కోపం వచ్చింది. గరిటె గిన్నెలో పడేసి, రెండు కుర్చీలు తీసుకుని, వాటి కాళ్ళు నేలమీద కిర్రుమనేలా ఈడ్చుకుంటూ హాలు నడిమధ్యకి వెళ్ళింది. ఆ నేలమీద కుర్చీ ఈడ్చినవాళ్ళు అంతవరకూ లేరు. ఒక కుర్చీలో కూర్చుని రెండోదానిమీద చెయ్యి తట్టింది.

"మెర్వ్, నువ్వు రా. నువ్వొస్తే వీళ్ళందరూ వస్తారు. ఇది నీ చోటేగా. రా."

అన్ని తలలూ ఒక్కసారి ఆ మూలకి తిరిగాయి. మెర్వ్ కదల్లేదు. గిన్నె ఒళ్ళో పెట్టుకుని మొహం గోడవైపు తిప్పుకున్నాడు. కాసేపు అలా చూసి, తలలన్నీ మళ్ళీ ఆమెవైపు తిరిగాయి.

నోలీన్ కూర్చుంది. భుజాలమీద, తలమీద, మోకాళ్ళమీద వెచ్చగా దిగుతోంది. రెండేళ్ళు పోట్లాడి తెచ్చుకున్న వెచ్చదనం. ఒక్క నిమిషం కూడా సుఖంగా లేదు. ఎటు చూసినా కళ్ళు. ఇటు తిరిగితే వీపు వెనక కళ్ళు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మేజోడు జారిందేమోనని అనుమానం వచ్చింది, వంగి సర్దుకుందామంటే అందరూ చూస్తారని సర్దుకోలేదు. మింగుదామంటే గొంతులో చప్పుడవుతుందేమోనని భయం. యాభై ఏళ్ళుగా తెలిసిన మొహాలే అన్నీ. చెడ్డవాళ్ళు ఒక్కరూ లేరు. అయినా లేచి పారిపోదామనిపించింది.

ఆ ఇబ్బంది భరించలేకో ఏమో, హెక్టర్ గబగబా అన్నాడు. "సరే, మూసేద్దామన్నవాళ్ళు చెయ్యెత్తండి."

అక్కడ ఎవరూ ముందు చెయ్యెత్తరు. ఎదుటి గోడవాళ్ళు ఏంచేస్తారా అని ఈ గోడవాళ్ళు చూస్తున్నారు. ఒక్క చెయ్యి కూడా లేవకపోతే తీర్మానం వీగిపోతుంది. నోలీన్‌కి ఒక్క క్షణం ఆశ పుట్టింది.

వంటగది తలుపు పక్కన మూలలో ఒక చెయ్యి లేచింది. కుడి చెయ్యి. మెర్వ్‌ది.

అది చూశాక తక్కినవాళ్ళవి ఒక్కొక్కటే లేచాయి. కొందరు ఆమె కళ్ళలోకి చూడలేక తల దించుకుని ఎత్తారు. హెక్టర్ లెక్కపెట్టనైనా లేదు.

నోలీన్ కుర్చీ అక్కడే వదిలేసి మూలకి వెళ్ళింది. మెర్వ్ పక్కన కూర్చుని, ఇతరులకి వినపడకుండా, పళ్ళ బిగువున అడిగింది. "ఏం పని చేశావు నువ్వు?"

"ఓటేశాను."

"ఇదంతా నీకోసం కాదూ? చలి అన్నావు."

"అన్నాను." మెర్వ్ ఒళ్ళోని గిన్నె కింద పెట్టాడు. "చలి కాదు నోలీ."

"మరి?"

"ఆ రోజు సూపు కారింది. గడ్డంమీదికి. నాకు తెలియలేదు. విన్‌సమ్ వచ్చి తుడిచింది, చంటిపిల్లాడికి తుడిచినట్టు. అందరూ చూశారు." మాట కూడదీసుకున్నాడు. "తర్వాత అందరూ చూడనట్టు కూర్చున్నారు. అదింకా ఘోరం."

"ఆ మాట నాతో అనడానికేం?"

"ఏదో ఒకటి చెప్పాలిగా. చలన్నాను. మర్నాడే నువ్వు చీజ్ రోల్స్ మొదలెట్టావు."

"రెండేళ్ళు మెర్వ్. రెండేళ్ళు నా జుట్టంతా ఉల్లిపాయ కంపు."

"తెలుసు. పక్కనే పడుకున్నాగా."

ఆమెకి అతన్ని పట్టుకుని కుదిపెయ్యాలనిపించింది. ఏడవాలనిపించింది. ఊళ్ళో ప్రతి తలుపూ కొట్టింది, ప్రతి మీటింగులో అరిచింది, ఇంజనీర్ని అడిగింది, కౌన్సిల్‌ని అడిగింది. ఇంట్లో కిటికీ దగ్గర కూర్చున్న మనిషిని మాత్రం ఇంకో ప్రశ్న అడగలేదు. ఇంత కోపం ఎవరిమీద దించుకోవాలో తెలియలేదు.

"ఇందాక అక్కడ కూర్చున్నావుగా," అన్నాడు మెర్వ్. "ఎలా ఉంది?"

"వెచ్చగా ఉంది."

"అది కాదు నేనడిగేది."

"అందరూ చూశారు," అంది నోలీన్. "పారిపోదామనిపించింది."

"ఊఁ," అన్నాడు మెర్వ్. "నన్ను రమ్మన్నావు."

ఆ మాట సూటిగా తగిలింది. ఆమె లేచి, అతని కోటు గుండీలు పెట్టి, చెయ్యందించింది. ముందు గుమ్మానికి వెళ్ళాలంటే హాలంతా దాటాలి. వంటగదిలోంచి వెనక తలుపుంది. అటే తీసుకెళ్ళింది.

"నోలీన్, పలకలు ఆపేయమంటావా?" అని వెనకనుంచి విన్‌సమ్ అడిగింది.

"ఆపితే ఆపు, లేకపోతే గొర్రెల్ని తోలుకొచ్చి పడుకోబెట్టు. వాటికైనా బుద్ధుంటుంది," అంది నోలీన్ వెనక్కి తిరక్కుండా.

ఇద్దరూ కారులో కూర్చున్నారు. అద్దంమీద మంచు కరిగి చారలుగా జారుతోంది. ఆమె తాళం తిప్పబోయింది.

"హెక్టర్‌ని రమ్మను," అన్నాడు మెర్వ్. "బుధవారం. మనింటికి. ఒక్కణ్ణే."

"హెక్టర్‌నా?" నోలీన్ గిరుక్కున అతనివైపు తిరిగింది. "నా రెండేళ్ళ కష్టం బూడిదపాలు చేసినవాణ్ణా? ఊరంతా ఉండగా వాడే ఎందుకు?"

"వాడు ఎవరితో మాట్లాడినా తన బూట్లకేసే చూస్తూ మాట్లాడతాడు," అన్నాడు మెర్వ్. "వాడి ముందైతే తినగలను."

నోలీన్ కారు స్టార్ట్ చెయ్యలేదు. తాళం వదిలేసి, తలుపు తీసుకుని దిగింది. హెక్టర్‌ని ఏ మొహం పెట్టుకుని భోజనానికి పిలవాలా అనుకుంటూ, మండిపడుతూనే, హాలు వైపు నడిచింది.