పోశాలు మూడు రోజుల సెలవు

వసారాలో కూర్చుని పోశాలు పిక్కలకు ఆముదం రుద్దుకుంటున్నాడు. సెలవైనా సరే, తెల్లవారగానే ఆ పని కావాల్సిందే. డోర్నకల్ గ్యాంగులో ముప్పై ఏళ్లుగా రైలు పట్టాల కింద కంకర దట్టిస్తున్న మనిషి. మెడ ముందుకు వంగిపోయింది. కుడి భుజం ఎడమదానికంటే అంగుళం కిందికి దిగింది. అరచేతులు ఎంతగా మొద్దుబారాయంటే, పొయ్యిలోంచి నిప్పు తీసి బీడీ ముట్టించుకుని తీరిగ్గా వెనక్కి వేస్తాడు.

జబ్బుకూ చావుకూ తప్ప సెలవడగని పోశాలు, డెబ్భై తొమ్మిది వేసవిలో మొదటిసారి సరదా కోసం మూడు రోజులు అడిగాడు. పాసు రాయించుకుని, భార్య చిలుకమ్మతో మానుకోటలో మరదలు యాకమ్మ ఇంట్లో దిగాడు. రోహిణి కార్తె, బండలు పగిలే ఎండలుండాలి. పోశాలు సెలవు కోసమే కాచుకున్నట్టు వాన పట్టుకుంది. రెండు రోజులు వదల్లేదు. ఇది మూడో రోజు. సాయంత్రం ప్యాసింజరుకు వెళ్లిపోవాలి, రేపు డ్యూటీ.

అతని కోరిక ఒక్కటే. స్టేషన్ పక్క మైదానంలో ఎగ్జిబిషన్ దిగింది. అందులో జెయింట్ వీల్ ఉంది. దాని మీదికెక్కితే లైను కనిపిస్తుందట. ముప్పై ఏళ్లు వంగి చూసిన లైనును ఒక్కసారి పై నుంచి చూడాలి.

“గీ వానల చక్రం ఎవడు తిప్పుతడయ్యా? జర ఇంట్ల పండు,” అంది చిలుకమ్మ.

“డ్యూటీల వానకు ఆగిననా? సెలవుల ఎందుకు ఆగుత?”

గోనెసంచిని కొప్పెరలా మడిచి నెత్తిన వేసుకుని అతను బయల్దేరాడు. చిలుకమ్మ తిట్టుకుంటూనే ఇంకో సంచి కప్పుకుని వెంట నడిచింది.

మైదానం నాటు వేయడానికి దున్నిన మడిలా ఉంది. బజ్జీల కొట్టు మూసేశారు. జెయింట్ వీల్ తిప్పే తుల్సీరాం టార్పాలిన్ కింద చాయ్ తాగుతున్నాడు. అతని పనివాళ్లు రెండు రోజులుగా పేకాటలోనే ఉన్నారు.

“బంద్ కాకా,” అన్నాడు తుల్సీరాం. “నేల నాని ఒక దిక్కు చెక్క కుంగింది. తిప్పితే ఒరుగుతది.”

పోశాలు వెనక్కి తిరగలేదు. బురదలో బోర్లా పడుకుని, ఒక కన్ను మూసి, వీల్ కాళ్ల కింద వేసిన మొద్దుచెక్క వెంట చూపు సారించాడు. పట్టా వంకర చూసేటప్పుడూ అలాగే చూస్తాడు.

“నాలుగు వేళ్లు దిగింది. గడ్డపార ఉన్నదా తమ్మీ?”

తుల్సీరాంకు హుషారొచ్చింది. “లైను పక్క కంకర కుప్పలున్నయ్ గద కాకా, నాలుగు గంపలు తెద్దామా?”

“ముట్టుకుంటే చెయ్యి ఇరగ్గొడ్త! గది బండ్ల కోసం పోసింది.”

మైదానం మూలన కూలిన గోడ ఉంది. ఆ రాళ్లు తుల్సీరాంతో మోయించాడు, సమ్మెటతో గుప్పెడంత ముక్కలు చేయించాడు. గడ్డపారతో చెక్క లేపి, కింద రాళ్లు తోసి, దుంగతో దట్టించడం మొదలుపెట్టాడు. దెబ్బదెబ్బకూ తన గ్యాంగులో పెట్టే కేక పెడుతుంటే, పేకాట వదిలి పనివాళ్లూ వచ్చి గొంతు కలిపారు.

“సెలవని తీస్కొచ్చి రాళ్లు మోపిస్తున్నవ్ గదయ్యా!” చిలుకమ్మ అరుస్తూనే గంప తర్వాత గంప తెచ్చి పోసింది.

ఐదు గంటలకల్లా చెక్క సమమైంది. వాన సన్నబడింది.

“ఎక్కు కాకా, మొదటి రౌండు నీదే!”

తొట్టి మీద కాలు పెట్టబోయి పోశాలు ఆగిపోయాడు. కొత్తగా దట్టించినచోట మొదటి బండి పోయేటప్పుడు, దట్టించినవాడు పక్కన నిలబడి కింద చెక్కను చూడాలి. గ్యాంగులో అది ఆనవాయితీ. ఏనాడూ తప్పనివాడు ఇప్పుడెలా తప్పుతాడు?

“నువ్వెక్కు. నేను చెక్క చూస్త. రెండోసారి ఎక్కుత,” అన్నాడు భార్యతో.

“చూడాలన్నది నువ్వా, నేనా?”

అప్పటికే అతను చెక్క పక్కన గొంతుక్కూర్చున్నాడు. చిలుకమ్మ ఎక్కింది. కేకలు పెట్టింది, దేవుళ్లందరినీ పిలిచింది. పోశాలు ఒక్కసారైనా తలెత్తలేదు. చెక్క కదల్లేదు.

ఇంతలో ఉరిమింది. కరెంటు పోయింది. వీల్‌ను చేతులతో తిప్పి చిలుకమ్మను దించారు.

“చేతులతోనే ఇంకొక రౌండు తిప్పుండ్రి! గీ మనిషి లేకుంటే మీ చక్రమెక్కడిది?” ఆమె తుల్సీరాం మీదికి వెళ్లింది. అతనూ సరేనన్నాడు. కానీ స్టేషన్‌లో ప్యాసింజరు గంట కొట్టారు.

పోశాలు మొహం మీది బురద తుడుచుకుని వానలోకి చూశాడు. “ఎక్కకపోతె ఏంది? ఒరిగిందా? ఒరగలే!”

గెలిచినవాడిలా నడిచాడు. చిలుకమ్మకు మాత్రం ఆ వాన మీద కోపం చల్లారలేదు.

బండి కదిలాక అడిగాడు. “చెప్పు. ఎట్లున్నది లైను?”

“సక్కగున్నది. ఒక్క వంకర లేదు. చెరువు కట్ట పొంటి పోయి, దూరంగ రెండు పట్టాలు ఒక్కటైనయ్.”

“ఒక్కటి గావు. ముప్పై ఏండ్లసంది నడుస్తున్న.”

“పైనున్నది నేను. అయినయంటే అయినయ్!”

లైను విషయంలో పై అధికారులకూ తలొగ్గని పోశాలు నవ్వాడు. “సరే, అయితె అయినయ్ తియ్యి,” అని కిటికీకి తల ఆనించాడు.

గార్ల దాటింది. డోర్నకల్‌లో ఆమె భుజం తట్టింది. లేవలేదు. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. గోళ్లలో బురద ఇంకా ఆరలేదు.

విషయం తెలిసి డబ్బాలోకొచ్చిన స్టేషన్ వాళ్లు, బండికి టైమైంది, త్వరగా దించాలన్నారు. చిలుకమ్మ ఏడవలేదు. భర్త తల ఒళ్లోకి తీసుకుంది.

“ముప్పై ఏండ్లు పక్కకు జరిగి బండ్లకు తొవ్విచ్చిండు. గీ ఒక్క బండిని ఆయనకోసం ఆగమనుండ్రి.”

బండి ఆగింది.

నాలుగు రోజుల తర్వాత ఎగ్జిబిషన్ మానుకోట విడిచిపోయింది. మైదానమంతా గుంటలు పడి, వాటిలో ఎర్రనీళ్లు నిలిచాయి. లైను వైపున మాత్రం మనిషంత పొడవున రాళ్లు దట్టించిన ఒక కట్టు, ఆ వానాకాలమంతా తడుస్తూ, వేలెడు కూడా కుంగకుండా ఉంది.