చిట్టికి నలభై రెండు మార్కులు

సత్తిరాజు ముప్పై ఆరేళ్ళు రాయ్‌పూర్ యార్డులో గూడ్సు పెట్టెలు పరీక్షించాడు. చక్రం మీద సుత్తితో ఒక్కటి కొట్టి, మోత విని, పెట్టె ఫిట్టో సిక్కో తేల్చేసేవాడు. ఆయన సిక్ అన్నాక ఎంత పెద్ద ఆఫీసరు వచ్చినా ఆ పెట్టె కదిలేది కాదు. అంతటి మనిషి రిటైరై మూడు నెలలైంది. ఈ మూడు నెలల్లో ఆయన అభిప్రాయం కోరి ఎవరూ గుమ్మం ఎక్కలేదు.

అందుకే భార్య బంగారమ్మ మేకల సంగతి ఎత్తగానే ఆయనకు ప్రాణం లేచొచ్చింది. రైల్వే క్వార్టర్లో ఉన్నన్నాళ్ళూ వెనక ఖాళీ జాగాలో ఆవిడ పాడిమేకల్ని పెంచింది. రెండింటితో మొదలై ఏడయ్యాయి. క్వార్టరు ఖాళీ చేసి అభన్‌పూర్ రోడ్డు పక్కన సొంత ఇంట్లోకి వచ్చాక, పెరట్లో నాలుగింటికి మించి చోటు లేకపోయింది. ఆ నాలుగూ ఇకమీదట మందకు తల్లులు. మిగతా మూడింటినీ అమ్మెయ్యాలి. తిల్దా నుంచి వీరేంద్ర అనే బేరగాడు ఆదివారం పొద్దున్నే వస్తానని కబురు పెట్టాడు.

"ఏ మూడు ఇచ్చీమంటారు?" అని బంగారమ్మ మాటవరసకు అడిగింది. మాటవరసకు అడిగిందని సత్తిరాజుకు తరవాత తెలిసింది.

ఆయన ఊరుకుంటాడా! మేకల పెంపకం మీద పెట్టిన ఒకరోజు శిక్షణ శిబిరానికి వెళ్ళి మార్కుల పట్టీ రాసుకొచ్చాడు. వెన్ను తిన్నగా ఉంటే పదిహేను, కాళ్ళకు పదిహేను, పళ్ళకు పది, పొదుగుకు నలభై, మిగతాది నిలబడే తీరుకు. శిబిరంలో మాట్లాడినాయన పొదుగు గురించి ఇంకా ఏదో చెప్పబోయాడు గానీ, సరిగ్గా అప్పుడే భోజనాలకు పిలిచారు. సత్తిరాజు వరసలో రెండోవాడు.

ఆదివారం తెల్లారగానే టోపీ పెట్టుకుని పెరట్లోకి దిగాడు. బంగారమ్మ పాలగిన్నెతో ఎదురొచ్చింది.

"పహలే పాలు తీసీనివ్వండి. పొదుగు అప్పుడు సూద్దురు గానీ."

"నీకు తెల్దులే. లోడున్న పెట్టెనే సెకింగు సెయ్యాల. ఖాళీ పెట్టెలో ఏటి బయటపడతాది?"

ఆవిడ గిన్నె గట్టు మీద పెట్టి పక్కకు తప్పుకుంది.

పొడుగు చెవుల మహారాణికి తొంభై ఒకటి వచ్చాయి. దాని పొదుగు చూస్తే ఎవరికైనా కళ్ళు చెదురుతాయి. ఐదు ఈతలు ఈనిన చిట్టికి నలభై రెండే. ఎముకలు తేలిన ఒళ్ళు, వంకర కొమ్ము, ఓ మోస్తరు పొదుగు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. ఆ ఏడింటినీ పూటపూటా పితికే మనిషి రెండడుగుల దూరంలో నిలబడి ఉంటే, ఏ మేక ఎన్ని పాలిస్తుందని అడగాలని మన పరీక్షకుడికి తోచలేదు. పట్టీలో అందుకు గడి లేదు మరి.

వీరేంద్ర బండి వచ్చింది. సత్తిరాజు మేకపోతు గాంభీర్యంతో మూడు మేకల్ని చూపించాడు. చిట్టి వాటిలో మొదటిది. బేరం కుదిరి, మాట ఇచ్చేశాడు. నిండు పొదుగులతో తిల్దా దాకా కుదుపులు పడలేవు, పాలు తీసెయ్యమన్నాడు వీరేంద్ర.

బంగారమ్మ చిట్టి దగ్గర కూర్చుంది. గిన్నె నిండింది. లేచి ఇంకో గిన్నె తెచ్చుకుంది. అదీ సగం దాటింది. ఆఖరికి ఆ పొదుగు పిండిన గుడ్డలా వేలాడింది. వీరేంద్ర వంగి దాన్ని తడిమి, "బనే హే, బనే హే" అని తనలో తానే మురుస్తూ తాడు చేతికి రెండు చుట్లు చుట్టుకున్నాడు. ఆ ఊళ్ళో ఇన్నేళ్ళున్న సత్తిరాజుకు ఛత్తీస్‌గఢీలో ఆ మాటకు భలే బాగుందని అర్థమని తెలుసు. మార్కుల పట్టీ మడిచి జేబులో దోపుకున్నాడు.

పూట గడుస్తోందని ఆవిడ మహారాణినీ పితికింది. చెంబు కూడా నిండలేదు. పాలన్నీ అయిపోయినా పొదుగు మాత్రం అంతే ఉంది. సత్తిరాజు చేత్తో నొక్కి చూశాడు. లోపల అంతా కండే.

బంగారమ్మ చిట్టి మెడ నిమిరి, గబుక్కున మొహం అటు తిప్పుకుంది. ఆయన ఆవిణ్ణి వంటింటి చాటుకు పిలిచాడు.

"ఇది నీకు ముందే తెలుసా?"

"తెలకపోడం ఏటి? మనింట్లో సగం పాలు దానివే."

"మరి సెప్పవేం?"

"ఒకపాలి సెప్పేను గదా."

"గట్టిగా సెప్పొచ్చు గదే!"

ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంది. "మూణ్ణెల్లుగా గోడకేసి సూసుకుంటా కూకున్నారు. నిన్న రేతిరి ఆ మార్కుల పట్టీ దిద్దుకుంటా ఈల ఏసేరు. మీ ఈల ఇని ఎన్నాళ్ళయిందో! మేక పోతే పోనీ అనుకున్నాను."

సత్తిరాజుకు సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది. ముప్పై ఆరేళ్ళలో ఒక్క పెట్టె కూడా తనకోసం అంత పని చెయ్యలేదు. కళ్ళు తుడుచుకుని బండి దగ్గరికి నడిచాడు. గేటు దగ్గర ఇరుగుపొరుగు నలుగురూ చూస్తుండగానే, అందరికీ తెలిసేలా హిందీలో, తనకు మేకల గురించి ఓనమాలు కూడా తెలియవని ఒప్పుకున్నాడు.

"ఇచ్చిన మాట?" అన్నాడు వీరేంద్ర, తాడు వదలకుండా.

"ఇచ్చినవాడు మూర్ఖుడు. చిట్టినొదిలెయ్, బదులు మహారాణిని తీసుకో. దాన్ని చూడగానే కళ్ళు తిరిగే నాలాంటివాళ్ళు సంతలో దొరక్కపోరు."

వీరేంద్ర కాసేపు బిగుసుకుని, తరవాత పొట్ట పట్టుకుని నవ్వాడు. తాడు విప్పాడు.

బండి వెళ్ళిపోయాక సత్తిరాజు బోర్లించిన బకెట్టు మీద కూలబడ్డాడు. "ఇంతకీ, ఈ చిట్టి ఎవుల పిల్ల?" అని అడిగాడు. బంగారమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది, నిజంగానే అడుగుతున్నాడా అని. నిజమేనని తోచాక ఎదురుగా గొంతుక్కూర్చుని మొదలుపెట్టింది. తల్లి ఎవరు, దాని తల్లి ఎవరు, ఏ వానల్లో ఏది ఈనింది, ఏ పిల్లను చంకలో పెట్టుకుని బతికించింది. ముప్పై మూడేళ్ళ కాపురంలో ఆవిడ ఒక్కబిగిన అంతసేపు మాట్లాడగా ఆయన వినడం అదే మొదలు. మధ్యాహ్నం ఒంటిగంటకు కూడా ఆవిడ ఇంకా రెండో మేక దగ్గరే ఉంది.