రబ్బరు చింపిన కొమ్ములు

నేను లారీ అడుగున ఉండే కమాను కట్ట ముక్కను. ఏళ్ల తరబడి బస్తాల బరువు మోసి, విరిగి, పాత ఇనుములో పడి ఉంటే మాడుగుల రోడ్డు పక్క రేకుల షెడ్డు మెకానిక్ సన్నిబాబు నన్ను ఏరుకొచ్చాడు. కోసి, కొలిమిలో కాల్చి, రెండు కొమ్ములు తీసి, కొసలు పలచగా సానబట్టాడు. నేను చేసే పనికి పట్నం దుకాణాల్లో మెరిసిపోయే కంపెనీ పుల్లర్లు దొరుకుతాయట. వాటి ధర అడిగి వచ్చిన రోజే ఆయన నన్ను తయారుచేయడానికి కూర్చున్నాడు. అంటే నా పుట్టుకకు కారణం లేమి. అందుకు నాకేం సిగ్గులేదు.

నా పనంతా బండి ముందు చక్రం దగ్గర. చక్రాన్నీ, దాన్ని పట్టి ఉంచే ఇనుప చేతినీ కలుపుతూ బాల్ జాయింట్ అని ఒకటి ఉంటుంది. గిన్నెలో గుండులా అటూ ఇటూ తిరుగుతుంది. అది ఊడిందంటే చక్రం పక్కకు వాలిపోతుంది. బండి ఎటు పోతుందో దేవుడికే తెలియాలి. పాడైన జాయింటును తీయడానికి ఒకప్పుడు సన్నిబాబు పూటంతా సమ్మెటతో బాదేవాడు. నేను వచ్చాక, నా కొమ్ములు సందులో పెట్టి నాలుగు దెబ్బలు వేస్తే చాలు, టప్పున ఊడొచ్చేది. ఆ రోడ్డు మెకానిక్కులంతా నన్ను అరువడిగేవాళ్లు. సాయంత్రానికి తెస్తామని తీసుకెళ్లి వారానికి తెచ్చేవాళ్లు. నేనూ కాస్త మిడిసిపడ్డాను, అబద్ధమెందుకు.

కానీ నాలో ఒక లోపం ఉంది. జాయింటులో గ్రీజు కారకుండా, బురద చేరకుండా పైన రబ్బరు తొడుగు ఉంటుంది. నా కొమ్ములు దూరితే అది చిరిగి తీరుతుంది. పారేసే జాయింటైతే నష్టం లేదు. మంచిదాన్ని తీసి మళ్లీ పెట్టాల్సినప్పుడు మాత్రం నన్ను ముట్టుకోకూడదు. అలాంటి పనికి బోల్టు తిప్పి మెల్లగా వదిలించే బిగింపు ఒకటి చేస్తానని సన్నిబాబు ఇంకో ముక్క కోసి పెట్టాడు. నా తమ్ముడన్నమాట. ఏడాదిగా బోల్టు లేకుండా బల్ల మీదే పడి ఉన్నాడు.

ఆ వానాకాలం గౌరునాయుడి వ్యాను షెడ్డుకు వచ్చింది. వారం వారం కొండమీది సంతకు జనాన్ని ఎక్కించుకెళ్లే డ్రైవరతను. సన్నిబాబును బావా అని పిలుస్తాడు. చక్రం బేరింగు మార్చాలి, అందుకు జాయింటు ఊడదీయాలి. అది రెండు నెలల కిందట సన్నిబాబు తన చేత్తో వేసిన కొత్త జాయింటు. రెండు సుత్తులతో అటూ ఇటూ తట్టి నిదానంగా తీయాల్సింది. మర్నాడే సంత. వాన వదలడం లేదు. సన్నిబాబు చేయి నా మీదికి వచ్చింది. నన్నడిగితే వద్దనేదాన్ని, అడిగేదెవరు? నాలుగో దెబ్బకు రబ్బరు అడ్డంగా చిరిగింది.

ఆయన చుట్టూ చూశాడు. గౌరునాయుడు టీ కొట్టు దగ్గరున్నాడు. చిరుగులో గ్రీజు కూరి, సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, సన్నతీగతో కట్టి, చక్రం బిగించేశాడు. చెప్పలేదు. చెబితే మంచి జాయింటును తానే పాడుచేశానని ఒప్పుకోవాలి. మంచి పనిమంతుడన్న పేరు తప్ప ఆయనకు వేరే ఆస్తి లేదు.

ఆ తరవాత వ్యాను షెడ్డు ముందు నుంచి వెళ్లినప్పుడల్లా ఆయన పని ఆపి ముందు చక్రం వైపే చూసేవాడు. ఒక కొత్త జాయింటు కొని తెచ్చి నా పక్కన మేకుకు తగిలించాడు. రేపు ఏదో వంక చెప్పి పిలిచి మార్చేస్తానని గొణుక్కునేవాడు. గౌరునాయుడేమో ఆగి మరీ, నీ చేతి చలవ వల్ల బండి బాగా నడుస్తోందని మెచ్చుకుని పోయేవాడు. అలా మెచ్చుకున్న రోజు సన్నిబాబు క్యారేజీ విప్పకుండానే ఇంటికి పట్టుకెళ్లేవాడు. మనుషులు భయపడతారు, కుమిలిపోతారు, అయినా నోరు విప్పరు. మూడు సంతలు గడిచాయి. సంతకు ఇరవై మంది చొప్పున ఎక్కారు, దిగారు.

నాలుగో సంత రోజు వ్యాను కిటికీలోంచి ఒక చేయి సన్నిబాబు వైపు ఊగింది. ఆయన భార్య నూకరత్నం. పసుపు కొనడానికి బయలుదేరింది. ఆయన చేతిలోని స్పానరు విసిరేశాడు. కొత్త జాయింటునూ, సుత్తినీ, నన్నూ గోనెసంచిలో పడేసి మోపెడ్ ఎక్కాడు. కొండ ఘాటు రోడ్డు మొదటి మలుపుకు ముందే వ్యానును దాటి మోపెడ్‌ను అడ్డం పెట్టాడు.

"ఆ జాయింటు రబ్బరు నానే సింపేసినాను బావా," అన్నాడు. "సెప్పనేదు."

జాకీ పెట్టి లేపి చూశారు. ట్యూబు ముక్క ఎప్పుడో ఊడిపోయింది. లోపలంతా ఎర్రబురద. చక్రం పట్టుకుని ఊపితే గుండు గిన్నెలో గలగలలాడింది. గౌరునాయుడు సన్నిబాబు వైపు తిరిగాడు.

"మీ ఆడది బండెక్కితేగానీ నీకు నోరు రానేదేటి బావా? ఇన్నాల్లూ ఎక్కినోలు మనుసులు కారా?"

సన్నిబాబు రోడ్డు మీదే కూర్చుని నన్ను సందులో పెట్టి కొట్టాడు. అంత తేలిగ్గా ఏ జాయింటూ నాకు లొంగలేదు. చంటిబిడ్డను ఎత్తుకున్న ఒకామె ఊడదీసినదాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు తిప్పి చూసింది. అలా ఆమె చూస్తుంటే నాకు బాధేసింది. ఎవరూ ఆయన్ని తిట్టలేదు.

కొత్తది బిగించాక ఆయన భార్యను మోపెడ్ ఎక్కమన్నాడు. ఆమె అందరితో పాటు వ్యానెక్కి తన చోట్లో కూర్చుంది.

"ఈలందరూ ఎల్తన్నారు. నానూ ఈల్తోనే ఎల్తాను. నువ్వు ఇంటికెల్లు."

వ్యాను మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా సన్నిబాబు నిలబడ్డాడు. తరవాత సుత్తి ఒక్కటే సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు. నేను రోడ్డు పక్క తడిమట్టిలో ఉండిపోయాను. ఇప్పుడు తుప్పు నా పిడి దాకా వచ్చింది. ఆయన నన్ను మరిచిపోయాడో, కావాలనే వదిలేశాడో తెలియదు. కోపమైతే లేదు. ఆ రబ్బరును చింపింది నేనే. కాని పోయి చెప్పడానికి నాకు నోరు లేదు. ఆయనకు ఉంది.