టైరుగోడ యెత్తు

ఆషాఢమాసారంభమున నవజలధరపటలములు గిరిశిఖరములపై వ్రాలి కాఫీవనములను దడుపుచుండ మన్యపు ఘాటుదారి యరుణమృత్తికాప్రవాహములచేఁ గోయఁబడి గుంటలమయమై యుండెను. ఆ దారిని బంగారయ్య యను నద్దెకారు చోదకుఁడు పల్లపుసీమలలోఁ బెండ్లికుమారులను నూరేగించుచుఁ గొండపల్లెలనుండి నిండుచూలాండ్ర నాసుపత్రికిఁ జేర్చుచు జీవించుచుండెను.

అతనికిఁ దన కారు సొగసుపై మక్కువ మెండు. శ్రావణమాసపుఁ బెండ్లిండ్లలో మిలమిల మెఱయవలెనని పెద్దచక్రములును వానికిఁ బొట్టిగోడ టైర్లును గోరి చోడవరమున టైర్లంగడి నడుపు మంగతాయారు కడకేఁగెను. పాతదానిని గ్రొత్తదానిని బ్రక్కప్రక్కన నిలిపి యెత్తు సమముగా నున్నది గనుక గుణమును సమమే యని నిశ్చయించెను. పాప మతని లెక్క యంతవఱకే.

ముప్పదియేండ్లు రబ్బరుతో మెలఁగిన యా వనిత పాతటైరుపై నచ్చైన 165/80 R14 అను నంకెలపై వ్రేలుంచి, మొదటిది మిల్లీమీటర్లలో వెడల్పనియు, రెండవది ప్రక్కగోడ యెత్తు ఆ వెడల్పులో నూటి కెంతపాలో తెలుపుననియు, కడపటిది యంగుళములలో నినుపచక్రపుఁ గొలత యనియు వివరించి, యతఁడు గోరిన 195/55 R16లో నినుము పెరిగి గోడ తఱిగినదని చూపెను.

"నూట ముప్పైరెండు మిల్లీమీటర్ల గోడ నూట ఏడైపోద్ది."

"అందంగా ఉంటది గదా అమ్మా!" అని యతఁడు గునిసెను.

"పెళ్లికొడుక్కి పర్లేదు బాబూ. నొప్పుల్తో కొండ దిగే ఆడమనిషికి రాయికీ కడుపుకీ మధ్యన పరుపు ఇదే. నాను బిగించను."

బంగారయ్య మొగము ముడుచుకొని పాతకొలతలోనే క్రొత్తటైర్లు వేయించుకొనియు మూఁడు దినములు గొణుగుచునే యుండెను.

నాల్గవనాఁటి మధ్యాహ్నము తొలిచూలాలు సుక్రి వెనుకసీటున వేదనపడుచుండ, అత్త చిలకమ్మ యామె తల నొడిలో నిడుకొని యుండఁగాఁ గారు బురదనీటి గుంటలోఁ బడి దాఁగియున్న బండరాతిని దాఁకెను. చక్రము వంగి యిచట నిలిచిపోయినచోఁ దల్లికిని బిడ్డకును ముప్పే. కాని యా యెత్తైన గోడ యణఁగి దెబ్బను మ్రింగి మరల లేచెను. కారు గుంటదాఁటి రెండు ఘడియలలో నాసుపత్రిఁ జేరెను. ఆఁడుశిశువు కేరుమని యేడ్చినపుడు బంగారయ్యయు నేడ్చెను. తాను మూఁడుదినములు తిట్టుకొనిన మంగతాయారునకే మనసార మ్రొక్కుకొనెను.

పురుడు గడచినపిదపఁ జిలకమ్మ తమ యింటి యాచారముఁ దప్పక మంత్రసాని కిచ్చెడి పసుపుకొమ్ముల మూట నతని చేతిలో నుంచఁబోయెను. అతఁడు చేతులు వెనుకకుఁ దీసికొని యామెను గారెక్కించి మంగతాయారు నంగడికిఁ గొనిపోయి జరిగినదెల్ల వినిపించెను.

"నాను బిడ్డను పట్టలేదు గదమ్మా" అని మంగతాయారు సంకోచించెను.

"ఆసుపత్రిలో డాక్టరమ్మ పట్టింది. దారిలో నువ్వు పట్టినావు" అని చిలకమ్మ యా మూటను రబ్బరుమసి యంటిన యఱచేతులలో నుంచి, యా చేతులనే తన కన్నుల కద్దుకొనెను.