గోదావరికి ఇచ్చిన పటం

చెన్నూరు బజారులో గడియారాలు బాగుచేసే వాహెద్‌కు దేశదేశాల పాత బొమ్మలు కూడబెట్టే వ్యసనం ఉండేది. బొంబాయి రేవులో పనిచేసే బావమరిది పుణ్యమా అని జావా తోలుబొమ్మ, జపాను కొయ్యబొమ్మ, ఆఫ్రికా ముసుగు ఒక్కొక్కటే వచ్చి దుకాణం వెనక గదిలో, అద్దాల అలమారలో కుదురుకున్నాయి. ప్రతిదానికీ ఒక చీటీ. చీటీలో ఊరు, కాలం, కర్ర జాతి. ఇన్ని దేశాలు కొలువుతీరిన ఆ అలమారలో నడిమి అర మాత్రం ఏడేళ్లుగా ఖాళీ. అది సాంబయ్య పటం కోసం.

సాంబయ్య సాలెవాడలు తిరుగుతూ, బొమ్మల పటం విప్పి వాళ్ల కులకథ చెప్పేవాడు. ఇరవై మూరల బట్ట మీద పులినెక్కిన రుషి మొదలు మొదటి మగ్గం దాకా వరుసగా బొమ్మలుండే ఆ పటం నూరేళ్ల నాటిది. 1958లో, అది ఇక విప్పితే చిరిగేటట్లున్నదని కులపెద్ద కైలాసం కొత్త పటం రాయించాడు. కొత్తదానికి కళ్లు దిద్దిన నాడే పాతదాన్ని, మనిషిని సాగనంపినట్లే, గోదావరికి ఇవ్వాలి. అమ్మరాదు, దాచరాదు.

ఈ నియమం తెలిసీ వాహెద్ అడిగాడు. ముందు బతిమిలాడాడు, తర్వాత గోడగడియారం ఆశచూపాడు, చివరికి అలిగాడు. సాంబయ్య మూడింటినీ సమానమైన ఓపికతో విన్నాడు.

“అమ్ముకుంటె మా తాతను అమ్ముకున్నట్టే సాబ్,” అన్నాడు. “నీళ్లకిచ్చినంక అది నాది గాదు, గోదారిది. గోదారితోని మాట్లాడుకో.”

ఎంతటి గడియారాన్నయినా మరలు విప్పి చూసేవాడు వాహెద్. ఆ మాటనూ అలాగే విప్పి చూశాడు. గోదావరిది అంటే వల వేసినవాడిది. మర్నాడే పడవవాడు కొమురెల్లిని కలిశాడు. రేవుకు దిగువన, వంపు దాటాక వల కట్టాలి. పటం చుట్ట కొట్టుకొచ్చి అందులో పడగానే పడవ కింద కట్టేసుకుని కూర్చోవాలి. “జనం పోయెదాంక నీళ్లల్లకెల్లి పైకి తియ్యకు. ఎవ్వలన్న చూస్తె నా ఇజ్జత్ పోతది,” అని రెండుసార్లు చెప్పాడు.

కార్తీకంలో ఒక పొద్దున సాలోళ్లంతా రేవుకు వచ్చారు. కొత్త పటంలో బొమ్మలకు కళ్లు దిద్దారు. పాత పటానికి పసుపు బొట్టు పెట్టి, వెదురు కర్రకు చుట్టి, నీళ్లలో వదిలారు. అది తొందరేమీ లేనట్లు తేలుతూ వంపు తిరిగింది. ఏమీ ఎరగనట్లు వాహెద్ కూడా లేచాడు. కాని సాగనంపినవాళ్లు అన్నం తినకుండా కదలరాదట. సాంబయ్య ఆయనను చేయిపట్టి బంతిలో కూర్చోబెట్టాడు. విస్తరి ఖాళీ అయినప్పుడల్లా తానే వచ్చి వడ్డించాడు. పక్కన కైలాసం తన వంశంలో ఎవరెవరు ఎన్ని మగ్గాలు ఆడించారో, ముత్తాత మొదలుకొని చెప్పాడు. తాత దగ్గరకు వచ్చేసరికి పొద్దు వాలింది. వాహెద్ ప్రతి నిమిషాన్నీ విడివిడిగా భరించాడు.

జనం కదిలాక వంపు దగ్గరకు దాదాపు పరుగెత్తాడు. కొమురెల్లి మాట నిలబెట్టుకున్నాడు: చుట్ట అప్పటిదాకా నీళ్లలోనే ఉంది. ఇద్దరూ దాన్ని ఇసుక మీద విప్పారు. మొదట సుద్దనీళ్లు కారాయి, తర్వాత ఎర్రనీళ్లు. పులి కాళ్లు పోయాయి, పిదప పులి పోయింది, అన్నిటికన్న చివర రుషి గడ్డం పోయింది. పటానికి పూత సుద్దమట్టి, చింతగింజల గంజి, రంగులకు తుమ్మబంక. నీళ్లు తగిలితే కరిగేవే అన్నీ. ఏడేళ్ల కిందటే రాసిపెట్టుకున్న చీటీలో వాహెద్ స్వహస్తంతో ఆ సంగతి వివరంగా రాసుకున్నాడు.

వెనక ఇసుకలో అడుగుల చప్పుడు. సాంబయ్య, కర్ర పట్టుకుని కైలాసం.

“దేవుడు పోయిండు సాబ్,” అన్నాడు సాంబయ్య. “గోదారి మాట తప్పలే. నీకు బట్ట ఇడిసిపెట్టింది.”

కైలాసం తిట్టడానికి నోరు తెరిచాడు. బట్టను చూసి మూశాడు. కర్ర పక్కన పడేసి, మోకాళ్ల మీద కూర్చుని, తడి అంచు పొడుగునా బొటనవేలు నడిపించాడు.

“గీ అంచు మా తాతది,” అన్నాడు, గొంతు తగ్గించి. “రెండు నీలిపోగుల నడుమ ఒక ఎర్రది. ఆయన నేసింది జానెడు ముక్క గూడ ఇంట్ల మిగల్లే.”

సుద్ద కింద నూరేళ్లుగా ఆ అంచును చూసినవాడు లేడు. చుట్టూ కూర్చుని కథ విన్న సాలోళ్లందరూ బొమ్మలనే చూశారు. కైలాసం తలెత్తకుండానే, బట్ట తనకు ఇమ్మన్నాడు. అప్పటిదాకా ఏడవబోతున్న వాహెద్ ముఖం మెల్లగా విప్పారింది.

“నీళ్లకిచ్చినంక అది మీది గాదు కాకా. గోదారిది. గోదారి నాకిచ్చింది.”

తన మాటే తిరిగి వినబడేసరికి సాంబయ్యకు పొలమారింది.

నడిమి అర నిండింది. వాహెద్ పాత చీటీ చింపి, పోగులు లెక్కించి కొత్తది రాశాడు. ప్రతి అంగడి రోజునా కైలాసం వచ్చి, బట్టను ఒళ్లో పరుచుకుని అంచు తడుముతూ కూర్చునేవాడు. వాహెద్ చాయ్‌కు కూడా లేవక ఎదుట కాపలా ఉండేవాడు. జోడు ధోవతులని ఒకసారి, ఇత్తడి గంగాళం అని ఒకసారి కైలాసం బేరం పెట్టేవాడు. ఆ తమాషా తప్పిపోకుండా సాంబయ్య ముందే వచ్చి స్టూలు పట్టుకునేవాడు.

ఒక గురువారం కైలాసం బట్టను ఎంతో శ్రద్ధగా మడతపెడుతూ, మాటవరసకు అన్నట్లు అడిగాడు: “రేపు జుమ్మా నమాజుకు పోతె ఎంతసేపు పడ్తది సాబ్?”

ఎప్పుడెంతో చెప్పలేమన్నాడు వాహెద్. కైలాసం వీధి మలుపు తిరగకముందే అలమారకు రెండో తాళం తగిలించాడు. దాని తాళంచెవిని దాచిపెట్టమని సాంబయ్యకు ఇవ్వబోయి, ఆయన చెయ్యి చాపిన వేగం చూసి, తన జేబులోనే వేసుకున్నాడు.