దాచిన ఇంకు

నేను ఒక చవక ప్రింటర్‌ను. ఎక్కడో కర్మాగారంలో పుట్టి, థర్మాకోల్ ముక్కల మధ్య ఇరుక్కుని, లారీలు మారి మారి జగిత్యాలలో ఓ కంప్యూటర్ దుకాణానికి చేరాను. ఆ దుకాణంలో నాకంటే తక్కువ ధరది లేదు. అందుకే నన్ను అందరూ అడిగేవాళ్లు, ఎవరూ మెచ్చుకునేవాళ్లు కాదు.

నన్ను కొన్నది రాజలింగం అనే దర్జీ. కరీంనగర్‌లో ఉద్యోగం చేసే కూతురు స్రవంతిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆయన భార్య బాలామణికి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఇంట్లో రోజూ వాడే వస్తువులవి, మనుషులవి ఫొటోలు రంగుల్లో తీసి, ఒక్కొక్కటీ చూపించి పలికించమని మాట నేర్పే డాక్టరమ్మ చెప్పిందట. వారం వారం కొత్తవి చేర్చాలట. మొదటి నెలల్లో తిరిగినంత తొందరగా మాట తర్వాత తిరగదట.

దుకాణదారు ఏవేవో పెద్దవి చూపించాడు. రాజలింగం వేలు నా మీదే ఆగింది.

“రంగులు వస్తయా దీన్ల?”

“మంచిగ వస్తయి కాకా. కని పక్కకు పెట్టద్దు. వారానికోపారన్న రంగు కాయితం తియ్యాలె. లేకుంటే లోపట ఇంకు ఎండి రంధ్రాలు మూసుకపోతయి.”

ఆ మాట నిజమని నాకు తెలుసు. రాజలింగం మాత్రం బయటికొచ్చి నవ్వాడు. “ఇన్నవా బిడ్డా? ఊకె తీస్తెనే కదా ఊకె ఇంకు కొనేది! రైకకు గుడ్డ సాలదని నేను గిరాకీలతోని ఎక్కువ తెప్పిచ్చుకోనా? గిది గూడ గంతే.”

మనుషులు ఇంతే. తమ వృత్తిలో తామాడే చిన్న అబద్ధంతో ఊరందరి నిజాన్నీ కొలుస్తారు.

మొదటి ఆదివారం చెంబు, చాయ్ గ్లాసు, దువ్వెన, మందుబిళ్లలు నాలోంచి బొమ్మలై వచ్చాయి. రాజలింగం వాటిని అట్టలకు అంటించి రోజూ భార్య ముందు కూర్చునేవాడు. కొన్నాళ్లకు చెంబు బొమ్మ చూసి బాలామణి పెదవులు వణికాయి. “నీ… నీళ్లు” అంది. ఆయన నీళ్లు తేవడానికి పరుగెత్తి, తెచ్చేలోపు సగం ఒలకబోశాడు. ఇద్దరూ ఏడ్చారు. నా బతుకులో అంతకంటే మంచి రోజు లేదు.

ఆ సంబరమే కొంప ముంచింది. నాలో ఉన్న ఇంకు అంత విలువైనదని ఆయనకు ఆ రోజే తెలిసింది. విలువైనదాన్ని ఆ ఇంట్లో వాడరు, దాస్తారు. మిగిలిన లైనింగు ముక్కలతో నాకో తొడుగు కుట్టి, కొసలకు నాడాలు పెట్టి కట్టేశాడు.

“బాపూ, కొత్తయి తీద్దాం. మేడం వారం వారం అన్నది కదా,” అనేది స్రవంతి.

“ఉన్నయే నోటికి సరిగ పట్టలే. ఇంకు ఏడికి పోతది? దాస్తే అక్కరకొస్తది.”

“పోనీ నీ ఫొటో ఒక్కటన్న…”

“నా మొఖానికెందుకే ఇంకు? పొద్దుగూకులు దాని కండ్ల ముంగటనే ఉంటి!”

ఆ చీకట్లో నెలల తరబడి నా లోపల తడి ఆరిపోతూ వచ్చింది. అరిచే నోరు నాకూ లేదు.

ఒక మధ్యాహ్నం పక్కింటి ఆవిడ గోడ అవతల తన పెనిమిటిని “ఇగో!” అని పిలిచింది. మిషను మీద ఉన్న రాజలింగం కాలు ఆపి, తలెత్తి “ఆఁ” అన్నాడు. అని, అలాగే ఉండిపోయాడు. బాలామణి ఆయనను పెళ్లయిన నాటినుంచీ అలాగే పిలిచేది. ఆ ఇంట్లో మగని పేరు పలకరు. ఇప్పుడు ఆమె నీళ్లడుగుతుంది, చాయ్ అడుగుతుంది. ఆయనను మాత్రం పిలవదు.

ఆ ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని “బిడ్డా, నా ఫొటో తియ్యి” అన్నాడు. తొడుగు విప్పారు. నేను నా శక్తికొద్దీ ప్రయత్నించాను. బయటికొచ్చిన కాగితం మీద నుదురు కొంత ఉంది, కింద తెల్లటి చారలు. కళ్లు లేవు, నోరు లేదు. శుభ్రం చేసే మీటలు నొక్కీ నొక్కీ మిగిలిన తడి కూడా అయిపోగొట్టారు.

“గింత జాగర్తగ దాస్తిని కదనే,” అన్నాడాయన, చేతిలో కాగితం పట్టుకుని.

స్రవంతి జిరాక్సు దుకాణంలో ఆ ఫొటో తీయించుకొచ్చింది. బాలామణి దాన్ని చాలాసేపు చూసింది. వేలితో ఫొటోలోని చెంప తడిమింది. పెదవులు కదిలి, కదిలి, ఆగిపోయాయి. ఇక మెల్లగానే వస్తుందని, కొన్ని రాకపోవచ్చని డాక్టరమ్మ అంది.

“మొగన్ని ఎట్ల పిలుస్తరే, సిగ్గు కాదా దానికి?” అని రాజలింగం నవ్వాడు. కూతురు నవ్వలేదు.

ఇప్పుడు నేను వాకిట్లో ఇనుప సామాన్ల బండి కోసం ఎదురుచూస్తున్నాను. కిటికీలోంచి లోపలి మంచం కనిపిస్తుంది. రాజలింగం ఆమె ముందు కూర్చుని, ఒకప్పుడు ఆమె పిలిచినట్టే సాగదీసి “ఇగో…” అంటున్నాడు. “అను. ఇగో…”

బాలామణి ఆయనకేసి ఓసారి చూసి, ఎవరిని పిలుస్తున్నాడా అని వాకిలివైపు తల తిప్పింది.