నాలుగో గుండీ

చొక్కాకి గుండీ కుట్టడానికి ఎంతసేపు పడుతుంది? ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాలు కూడా ఊరికే పోనివ్వడం ఆమెకి చేతకాదు. అందుకే ఆ ఆదివారం ఉదయం, మర్నాడు భర్త వేదికెక్కి మాట్లాడేటప్పుడు వేసుకోబోయే తెల్లచొక్కా ఒళ్ళో పెట్టుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు దోపుకుని, ఇంటర్వ్యూల రికార్డింగులు వింటూ కుడుతోంది. మొగుడూ పెళ్ళాలిద్దరిదీ ఒకటే పరిశోధన సంస్థ. జనం రాసిచ్చిన కథలు చదివి నేర్చుకుని, కథలు రాసేవాళ్ళకి వాక్యాలు అందించే ఏఐ ఒకటి వాళ్ళ బృందం తయారుచేసింది. దానికి 'తోడు' అని పేరు పెట్టారు. ఆయన ఆ బృందానికి పెద్ద. ఆమేమో రాసేవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి, తోడు మీకు పనికొచ్చిందా, విసిగించిందా అని అడిగి, వాళ్ళు చెప్పిందంతా పొల్లు పోకుండా రాసిపెట్టే మనిషి. ఆఫీసు టైములో తెమలదు కాబట్టి ఆ రాతపని ఇంటికొస్తుంది. "ఆదివారం ఇంట్లోనేగా ఉంటావు, వింటూ వంట చేసుకోవచ్చు" అన్నాడు ఆయన మొదట్లో. ఎంత ముందుచూపో!

రికార్డింగులో ఒక రిటైరైన నర్సుగారు మాట్లాడుతున్నారు. డెబ్బై ఏళ్ళు దాటాక మొదటి కథ రాస్తున్నారావిడ.

"నీ తోడు భలే మాట అందించిందమ్మా! ముసలావిడ స్వెట్టర్ గురించి రాస్తూ ఆగిపోయాను. ఏమందో తెలుసా? గుండీలన్నీ గోధుమరంగువి, నాలుగోది మాత్రం ఆకుపచ్చది, అది పోయిన బిడ్డ గౌనుది, చలి లేని రోజున కూడా ఆవిడ దాన్ని విప్పేది కాదు, అంది. నాకు ఏడుపొచ్చేసిందనుకో. మెషీనుకి ఇదంతా ఎలా తెలుసమ్మా?"

సూది వేలిలో దిగింది. ఆమె చొక్కా పక్కన పెట్టి, వెనక్కి తిప్పి మళ్ళీ విన్నది. మూడోసారి కూడా విన్నది.

ఆ స్వెట్టర్ ఆమె తల్లిది. ఆమెకంటే ముందు పుట్టి, ఏడో నెలలో పోయిన అక్క గౌనుదే ఆ ఆకుపచ్చ గుండీ. తల్లి ఆ సంగతి ఆసుపత్రి మంచం మీద, చివరి రోజుల్లో, ఈ ఒక్క కూతురికే చెప్పింది. "మీ నాన్నకి కూడా తెలీదే. ఎవరితో అనకు" అంది. ఆమె ఎవరితోనూ అనలేదు. తల్లి పోయాక ఒకరోజు, పొయ్యి మీద నీళ్ళు మరిగేలోగా, ఇంటి కంప్యూటర్లో రాసుకుంది. రాసుకోవడం చెప్పడం కాదులే అనుకుంది. అలా పదకొండేళ్ళుగా రాసుకున్నవి నలభై రెండు కథలు, 'ఇంటి సామాను లిస్టులు' అనే ఫోల్డర్లో ఉన్నాయి. ఆ పేరు పెడితే ఈ ఇంట్లో ఎవరూ తెరిచి చూడరని ఆమె ధీమా.

చొక్కా చేత్తో పట్టుకునే హాల్లోకి వెళ్ళింది. ఆయన ల్యాప్‌టాప్ ముందు, తోడుని అందరికీ చూపించబోయే రేపటి ప్రసంగం సరిచూసుకుంటున్నాడు. సోఫాలో అత్తగారు పేపరు చూస్తోంది.

"ఏవండీ, నా రాతలు తోడుకి ఇచ్చారా?"

ఆయన తలెత్తలేదు. "ఏ రాతలు? ఓ, అవా! అందరూ యుద్ధాలూ ప్రేమలూ రాసిచ్చారు గానీ, గిన్నెలూ గుడ్డలూ ఎవరిచ్చారు చెప్పు? ప్రింటరు బిల్లేదో వెతుకుతుంటే నీ ఫోల్డరు కనబడింది. పోయినేడే ఎక్కించాం. అప్పట్నుంచే అది మనిషిలా మాట్లాడుతోంది, తెలుసా?"

"మీరు చదివారా?"

"నేనెందుకు చదవడం? మెషీను చదివిందిగా."

 పోయినేడే ఆమె ఒక కథ ప్రింటు తీసి, ఆయన బల్ల మీద పెట్టి, వీలైతే చూడమంది. నెల తరవాత దాని వెనకవైపు ఎవరిదో ఫోన్ నంబరు కనబడింది. చదవలేదని అప్పుడు బాధపడింది. ఇప్పుడు ఒళ్ళు మండిపోతోంది.

"నన్నొక మాట అడగాలా వద్దా?"

"నీ సంతకం ఉందిగా!" ఆయన నవ్వుతూ ల్యాప్‌టాప్ ఇటు తిప్పాడు.

ఉంది, నిజమే. తోడుకి రాతలు ఇచ్చేవాళ్ళు నింపే అనుమతి పత్రం తయారుచేసింది ఆమే. పెద్దవాళ్ళు ఏ గడిలో ఏం రాయాలో తెలియక తికమకపడుతున్నారని, ఒక పత్రం తన పేరుతో నింపి, సంతకం చేసి, నమూనాగా ఇంటింటికీ పట్టుకెళ్ళేది. ఏ రాతలు ఇస్తున్నారు అన్న చోట, ఊరికే ఉదాహరణకి, 'నేను రాసిన కథలన్నీ' అని రాసింది. ఆయన ఆ నమూనానే తీసి ఫైల్లో పెట్టేశాడు.

"అది నమూనా అని మీకు తెలుసు."

"సంతకం సంతకమే. చెల్లుతుంది."

అత్తగారు పేపరు దించింది. "ఇంత దానికి రాద్ధాంతం ఎందుకమ్మాయ్? వాడేమన్నా పరాయివాడా? నీ రాతలు నలుగురికీ పనికొచ్చాయంటే సంతోషించాలి గానీ."

ఏడాది పొడుగునా ఎన్ని గుమ్మాలెక్కింది! 'ఈ వాక్యం ఎంత బాగుందో' అని ఎంతమంది అన్నారో! ఒకటీ అరా ఎక్కడో విన్నట్టే అనిపించినా, ఇంటి మాటలు ఏ ఇంట్లోనైనా అవేగా అని సరిపెట్టుకుంది. తనకి దక్కాల్సిన మెచ్చుకోళ్ళన్నీ తన చేత్తోనే తోడు పేరు మీద రాసిపెట్టింది. తెర మీద ఆ సంతకం పక్కనే తెరిచి ఉన్న రేపటి ప్రసంగం చివర్లో ఆమెకి దక్కేది 'ఓపికతో సహకరించిన నా శ్రీమతికి' అన్న ముక్క. అదైనా పోనీ. అమ్మ ఎవరితో అనకు అన్న మాట ఇప్పుడు ఎన్ని కథల్లోకి వెళ్ళిందో! అమ్మకి ఏం చెప్పాలి?

ఆమె ఏడవలేదు. లోపలికెళ్ళి, బీరువాలోంచి ఇంకో కాగితం తీసి, రెండు గడులు నింపి, సంతకం పెట్టి, ఫోన్లో ఫొటో తీసి, సంస్థలో అనుమతులు చూసే కమిటీకి పంపింది. తిరిగొచ్చి ఆ కాగితాన్ని ల్యాప్‌టాప్ మీద పెట్టింది.

ఆయన చూశాడు. మొహంలో నవ్వు పోయింది. రాసినవాళ్ళు తమ రాతలు వెనక్కి తీసుకునే పత్రం అది. అది కమిటీకి చేరిన గంట నుంచీ, ఆ రాతలతో నేర్చిన తోడుని నిలిపెయ్యాలి. ఆ నిబంధన కోసం ఆమె పట్టుబట్టినప్పుడు, ఆయనే పది సభల్లో గొప్పగా చెప్పుకున్నాడు.

"నీకేమన్నా పిచ్చా? రేపు అంతమంది ముందు ఏం చూపించను? ఇది చెల్లదు!"

"ఆ సంతకం చెల్లితే ఇదీ చెల్లుతుందండీ. రెండూ నావే."

"కొంప ముంచావు కదే! అసలెందుకు చేశావో, కారణమన్నా చెప్పి ఏడు!"

ఆమె తెల్లచొక్కాని, సూది వేలాడుతుండగానే, ఆయన ఒళ్ళో పెట్టింది.

"కారణం చెప్పనక్కర్లేదు. పత్రంలో ఐదో అంశం చూడండి, నేను రాసిందే. చదవడం మీకు అలవాటు లేదుగా, నిదానంగా చదవండి."